మిగిలిపోయిన ఎర్రడబ్బా

హిల్డింగ్ నూర్‌గ్రేన్ చదివింది ఆరు తరగతులు. ఆ ఆరూ మా గ్రోషేర్ దీవి బడిలోనే, ఒకే గదిలో, ఒకే పంతులమ్మ దగ్గర. ఆ చదువుతోనే ముప్ఫై నాలుగేళ్లు మా బల్లకట్టు ఇంజన్లను కనిపెట్టుకుని ఉన్నాడు. ఎనభై ఏడో సంవత్సరం జనవరిలో సముద్రం బిగుసుకుపోయి బల్లకట్టు నడిమధ్యన ఇరుక్కుంటే, పదకొండు గంటలు ఇంజను ఆగనివ్వకుండా చూసి, ఆ వేడితోనే లోపల పురిటినొప్పులు పడుతున్న మనిషిని కాపాడాడు. అప్పుడు పుట్టిన పిల్లే ఇప్పుడు మాకు ఉత్తరాలు పంచుతోంది. తన పడవ ఎయ్దర్‌ను తండ్రితో కలిసి సొంత చేతులతో కట్టుకున్నాడు. దాని కడుపులోని మూడు సిలిండర్ల డీజిల్ ఇంజనును రెండుసార్లు ఆఖరి మర దాకా విప్పి మళ్లీ బిగించాడు. ఇవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు: నలభై మూడు చలికాలాల్లో ఆ ఇంజను ఒక్కసారి కూడా చిట్లలేదు.

అది చిన్న సంగతి కాదు. ఇలాంటి పాత ఇంజన్లు సముద్రపు నీళ్లనే తాగి చల్లబడతాయి. చలికాలంలో ఆ సముద్రమే రాయి అవుతుంది. ఇంజను కడుపులో నీళ్లు మిగిలిపోయాయా, అవి గడ్డకట్టి ఉబ్బి ఇనుప బ్లాకును పుచ్చకాయలా పగలదీస్తాయి. అందుకే అక్టోబరు చివర క్రేను వచ్చి పడవల్ని ఒడ్డుకెత్తే రోజున ప్రతి ఇంజనుకూ గడ్డకట్టని ఎర్ర కూలెంట్ పట్టించాలి. అది ఎలా పట్టించాలో ఏడు వరుసల్లో పెద్దక్షరాలతో రాసి రేవు షెడ్డు గోడకు మేకులు కొట్టింది హిల్డింగే. పక్క దీవి రేవులో ఏటా ఒకటో రెండో ఇంజన్లు పోతాయి. ఆ కాగితం ఎక్కిన నాటి నుంచి మా రేవులో ఒక్కటి పోలేదు. ఆ మాట హిల్డింగ్ చెప్పగా విననివాడు దీవిలో లేడు. రెండోసారి విననివాడూ లేడు.

కాగితంలో మొదటి వరుస ఇది: "ఇంజను వేడిగా ఉండాలి. గ్లవ్సు తీసి, చెయ్యి పెట్టి చూడు."

ఇంజను వేడెక్కితేనే లోపలి థర్మోస్టాట్ తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు కూలెంట్ బ్లాకంతా తిరిగి, ఉన్న నీళ్లను బయటికి తోసి, తాను కూర్చుంటుంది. ఇంజను చల్లగా ఉంటే ఆ తలుపు మూసే ఉంటుంది. కూలెంట్ బ్లాకు మొహం చూడకుండా పక్కదారిన పోయి పొగగొట్టంలోంచి కారిపోతుంది. బయట నిలబడి చూసేవాడికి రెండూ ఒకటే, గొట్టంలోంచి ఎర్రగా వస్తుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం హిల్డింగ్ తన అక్క గుర్లీ వంటింట్లో కూర్చుని నల్లరొట్టె మీద వెన్న రాసుకుంటున్నాడు. అతనికి డెబ్భై ఆరు, ఆమెకు డెబ్భై తొమ్మిది. ఇద్దరి ఇళ్లకూ ఒకటే వాకిలి. కిటికీ మీది రేడియో సముద్ర వాతావరణం చెబుతోంది. సాయంత్రం నుంచి ఉత్తరపు గాలి, రాత్రికి మైనస్ తొమ్మిది.

"రానీ," అన్నాడు హిల్డింగ్. "నా పడవకి దిగుల్లేదు."

గుర్లీ కాఫీ పోస్తూ, "ఒరేయ్, వాకిట్లో ఆ ఎర్రడబ్బా ఏంట్రా?" అంది.

"ఏముంది, మిగిలింది."

"ఏటా రెండు డబ్బాలు మోసుకుపోతావు, రెండూ ఖాళీగా తెచ్చి నా కాళ్లకి అడ్డంగా పడేస్తావు. ఈ ఏడు ఒకటి నిండుగా అడ్డం పడింది. బొటనవేలు చితికింది. నీ ఇంజనుకి ఆకలి తగ్గిందా?"

హిల్డింగ్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. రొట్టె ముక్క దవడలోనే ఉండిపోయింది.

ఏటా రెండు డబ్బాలు. పదీ పదీ ఇరవై లీటర్లు. నలభై మూడేళ్లుగా అంతే.

నిన్నటిదంతా ఒక్కసారి కళ్లముందు తిరిగింది. పొద్దున్నే ఎయ్దర్‌ను నడుపుకుంటూ రేవుకి వచ్చినప్పుడు ఇంజను సలసల కాగుతోంది. తన వంతు నాలుగోది. కానీ ఆ క్రేను నడిపేవాడు కొత్తవాడు, పట్టీలు ఎక్కడ వెయ్యాలో తెలియకుండా పడవల నడుములు విరిచేలా ఉన్నాడు. హిల్డింగ్ ఊరుకోలేకపోయాడు. తన వంతు వదిలేసి, పదకొండు పడవలకూ తానే నిలబడి చెయ్యి చూపించాడు. ఎయ్దర్ అందరికన్నా ఆఖరున పైకి లేచింది. ఆ తర్వాత తల్కో, అంటే ఊరంతా కలిసి చేసుకునే ఆ ఏటి పని, చేసిన వాళ్లందరికీ షెడ్డు ముందు బఠాణీ సూప్. సూప్ దగ్గర, నగరం నుంచి వచ్చి కిందటేడు మా దీవిలో ఇల్లు కొనుక్కున్న ఆర్తో అనే అతను, "హిల్డింగ్ గారూ, కూలెంట్ ఎలా పట్టించాలో మీరు చేస్తుంటే చూస్తాను" అన్నాడు. అడిగినవాడికి చెప్పకుండా ఉంటాడా! బల్లకట్టు కథ నుంచి మొదలుపెట్టి ఏడు వరుసలూ వివరించాడు. అందరూ చుట్టూ చేరారు. ఇంజను తిప్పాడు. రెండు నిమిషాల్లో గొట్టంలోంచి ఎర్రగా వచ్చింది. చప్పట్లు కొట్టారు. "చూశావా, పనితనం తెలిస్తే ఒక్క డబ్బాతో తేలిపోతుంది" అని కూడా అన్నాడు తాను.

చేతికి గ్లవ్సు ఉంది. తియ్యలేదు. చెయ్యి పెట్టి చూడలేదు.

"ఏమైందిరా, గొంతులో పడిందా?" అంది గుర్లీ.

"అక్కా, ఇప్పుడు టైమెంత?"

"మూడు కావొస్తోంది."

"అయిదింటికి చీకటి పడుతుంది," అని లేచాడు. "ఆ ఇంజను నిండా నీళ్లున్నాయి."

"నిన్న ఊరందరి ముందూ పట్టించావుగా!"

"పట్టించలేదు. గొట్టం కడిగాను. ఊరందరి ముందూ పొగగొట్టం కడిగాను!" అంటూ పెరటి తలుపు వేసిన చప్పుడుకి గోడమీది గడియారం పక్కకి వాలింది.

గుర్లీ దాన్ని సరిచేసి, కోటు వేసుకుని వెనకే బయల్దేరింది.

రేవులో పిట్ట లేదు. దిమ్మెల మీద వరసగా పడవలు, పట్టాలు కప్పుకుని. ఎయ్దర్ చివర్న ఉంది. హిల్డింగ్ పట్టా కట్టాడంటే తుపాను కూడా విప్పలేదని పేరు. నలభై రెండు ముడులు. ఇప్పుడు ఆ పేరే అతని ప్రాణం తీసింది. తడిసిన తాడు చలికి బిర్రబిగిసింది. వేళ్లు వంగడం లేదు. మొదటి ముడికి పళ్లు పెట్టాడు.

"కత్తితో కోసెయ్యరాదూ," అంది కింద నుంచి గుర్లీ.

"మంచి తాడు."

"మంచి ఇంజనుకన్నానా?"

అతను ఇంకో ముడికి పళ్లు పెట్టాడు. పదో ముడి దగ్గర కత్తి తీశాడు. కోసిన ప్రతి తాడుకీ ఒక బూతు కోశాడు. తిట్టింది ఎవరిని అంటే, క్రేనువాణ్ణి, సూప్ వండినవాళ్లని, ఆర్తోని, తాడు చేసిన కంపెనీని. తనను తప్ప అందర్నీ.

మళ్లీ ఇంజను తిప్పి వేడెక్కిద్దామా అంటే దారి లేదు. బ్యాటరీ నిన్ననే ఇంటికి చేరింది. దాన్ని మోసుకుంటూ నిచ్చెన ఎక్కే వయసు కాదు. పంపులోని రబ్బరు చక్రాన్ని కూడా నిన్ననే తీసి గుడ్డలో చుట్టి పెట్టాడు. రేవు కుళాయి నీళ్లు కూడా తల్కో రోజునే కట్టేశారు. అన్నీ పద్ధతి ప్రకారం చేశాడు, ఒక్కటి తప్ప. ఇక మిగిలింది బ్లాకు అడుగున ఉన్న నీళ్లు వదిలే ఇత్తడి కుళాయి. అది సెల్ఫ్ మోటారు వెనక, గోడకీ ఇంజనుకీ మధ్య జానెడు సందులో ఉంటుంది. కంటికి కనపడదు, వేలికి అందాలి.

ఆ కుళాయి గురించి కూడా కాగితంలో ఒక వరుస ఉంది. నాలుగోది. "ఇంజను వేడిగా ఉంటే కుళాయి ముట్టుకోనక్కర్లేదు." అది రాసినప్పుడు ఎంత గర్వంగా అనిపించిందో! అందరికీ ఆ సందులో పడుకునే బాధ తప్పించాననుకున్నాడు. తాను మాత్రం దాన్ని ఆఖరుసారి ఎప్పుడు తిప్పాడు? పదేళ్లా? పన్నెండా?

పొట్టమీద పడుకుని తల కిందికి వంచాడు. నెత్తురంతా మొహంలోకి దిగింది. కళ్లజోడు జారి పడవ అడుక్కి పోయింది.

"కళ్లజోడు పడింది!" అని అరిచాడు.

"ఆ సందులో కనపడేది ఏమీ లేదుగా, ఎందుకది?" అంది గుర్లీ.

"అక్కా, నువ్వు ఇంటికి పో."

"పోను. ఇరుక్కుపోతే కాళ్లు పట్టుకుని లాగే మనిషి ఉండాలి."

కుళాయి అందింది. పానా పట్టింది. ఒక్క నూలు కూడా కదల్లేదు. మళ్లీ. ఇంకోసారి. నాలుగోసారికి కీచుమని పావు చుట్టు తిరిగింది. హిల్డింగ్ ఊపిరి బిగబట్టి కింద పెట్టిన బకెట్టు వైపు చెవి వేశాడు.

చుక్క పడలేదు.

"ఏం, నీళ్లు లేవేమో?" అంది గుర్లీ నిచ్చెన సగం దాకా ఎక్కి. "ఉత్తినే కంగారు పడ్డావేమో. నిన్న సరిగ్గానే పట్టించావేమో."

ఆ మాట ఎంత తియ్యగా ఉందో చెప్పలేం. పడుకున్నచోటే ఒక్క నిమిషం దాన్ని నమ్మాడు. లేచి, మొహం కడుక్కుని, విప్పిన పట్టా మళ్లీ కట్టేసి, చల్లారిన కాఫీ వేడిచేసుకుని తాగొచ్చు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. తర్వాత పానా వెనక్కి తిప్పి బ్లాకు మీద కొట్టాడు. మోగలేదు. నిండుగా ఉన్న కడవని తట్టినట్టు ముద్దగా పలికింది. తుప్పూ మడ్డీ పన్నెండేళ్లుగా పేరుకుని కుళాయి నోరు మూసుకుపోయింది.

"ఉన్నాయి," అన్నాడు. "అడ్డం పడింది. సన్నటి ఊచ కావాలి. పొడవాలి."

"ఊచ ఉందా?"

"ఇంట్లో ఉంది. అన్నీ ఇంట్లోనే ఉన్నాయి!" అని పిడికిలితో పడవ గోడని గుద్దాడు. ఆ గుద్దుకి భుజం కలుక్కుమంది. అది బల్లకట్టు పని పాడుచేసిన భుజం, ఓ కోణం దాటి తిరగదు.

ఆ కేక విని, ఒడ్డున తన పడవల కొట్టం దగ్గర చేపలు పొగబెట్టుకుంటున్న యార్ల్ వచ్చాడు. యార్ల్‌కి యాభై దాటాయి. ఇంజను పని హిల్డింగ్ దగ్గరే నేర్చుకున్నాడు. ఎప్పుడూ వేళాకోళమే, గౌరవం తప్పడు.

"బాబాయ్, ఎవరితో పోట్లాట? నిన్ననే కదా ముడులు వేశావు, అప్పుడే వసంతం వచ్చేసిందా?"

హిల్డింగ్ సందులోంచి తల పైకెత్తాడు. మొహం ఎర్రగా, ముక్కు మీద మడ్డి. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది: పానా మరిచిపోయాను, అందుకు వచ్చాను. అక్క వైపు చూశాడు. ఆమె సముద్రంవైపు చూస్తోంది.

"నిన్న చల్లటి ఇంజనుకి పట్టించాను," అన్నాడు. "థర్మోస్టాట్ తెరుచుకోలేదు. బ్లాకు నిండా నీళ్లు."

యార్ల్ నవ్వలేదు. మెల్లగా టోపీ తీశాడు.

"బాబాయ్... నా పడవ పొద్దున రెండోది కదా ఎత్తింది. నాదీ చల్లారిపోయింది. వేడి చేద్దామనుకున్నా. ఇంతలో నువ్వు చల్లటి దానికే పట్టించేశావు. కొత్త పద్ధతేదో కనిపెట్టాడు మా బాబాయ్ అనుకుని..."

"అనుకుని?"

"నేనూ అలాగే చేశా. నా తర్వాత ఆర్తో చేశాడు."

"కాగితం చదవడానికి కళ్లు లేవా నీకు? గోడమీద ఉంది కదా మొదటి వరుస!"

"రాసినవాడు ఎదురుగా నిలబడి చేస్తుంటే కాగితం ఎవడు చూస్తాడు, బాబాయ్?"

హిల్డింగ్ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఒక ఇంజను కాదు, మూడు. మిగతావాళ్లు పడవ పైకెత్తిన వెంటనే వేడివేడిగా పట్టించుకుని బతికిపోయారు. తన మీద నమ్మకం ఎక్కువున్నవాళ్లే మునిగారు.

"ఊచ తే," అన్నాడు చివరికి. "చేపలు గుచ్చే ఊచ ఉందిగా. సన్నది."

యార్ల్ పరుగున పోయి, చేపల పొగవాసన కొడుతున్న ఇనుప ఊచ తెచ్చాడు. ముందు తానే చెయ్యి పెట్టబోయాడు. వాడి చెయ్యి పైన్ దుంగ, సందులో మోచెయ్యి దాకా కూడా పోలేదు. హిల్డింగ్ చెయ్యి పోయింది కానీ భుజం తిరగలేదు. ఊచ కుళాయి చుట్టూ తగులుతోంది, నోట్లోకి మాత్రం దూరడం లేదు. రెండుసార్లు బకెట్టులో పడింది. మూడోసారి పడినప్పుడు హిల్డింగ్ బకెట్టునే తన్నాడు.

"తప్పుకోండి ఇద్దరూ," అంది గుర్లీ నిచ్చెన పై మెట్టు మీద నుంచి.

"అక్కా, నీకు డెబ్భై తొమ్మిది!"

"చేతికి వయసుతో ఏం పని, సన్నగా ఉంటే చాలు. అరవై ఏళ్లు వలలు అల్లిన చెయ్యి ఇది. చీకట్లో కూడా కన్నం దొరుకుతుంది దీనికి."

కోటు తీసి యార్ల్ మీదికి విసిరింది. పొట్టమీద పడుకుంది. హిల్డింగ్ టార్చి పట్టుకుని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఎడమకి. ఎడమకి, అక్కా."

"నీ ఎడమా, నా ఎడమా?"

"ఇద్దరిదీ ఒకే వైపు కదా!"

"నా తల కిందికుందిరా! ... ఆఁ. దొరికింది. ఏదో మెత్తగా ఉంది."

"అదే మడ్డి. తిప్పుతూ పొడువు. గట్టిగా కాదు. అయ్యో, గట్టిగా కాదన్నానా!"

"నువ్వు పొడుస్తావా?"

అతను టార్చిని ఇంకాస్త కిందికి వంచాడు. ఏ పనికైనా పక్కవాడికి చెయ్యి చూపించడమే తప్ప, ఒకరు చేస్తుంటే ఊరికే కూర్చోవడం అతనికి చేతకాదు. బయట గాలి అప్పుడే ఉత్తరానికి తిరిగింది. పట్టా అంచు టపటపా కొట్టుకుంటోంది.

బుడుంగుమని చప్పుడు. గుర్లీ కెవ్వుమంది. తుప్పునీళ్లు ఆమె చేతిమీదుగా, చొక్కా చేతిలోకి, చంకదాకా పోయాయి. తర్వాత బకెట్టులో సన్నగా ధార మొదలైంది. సన్నగా, విసుగు పుట్టించేంత నెమ్మదిగా. రెండుసార్లు మళ్లీ మూసుకుపోయింది, గుర్లీ రెండుసార్లు మళ్లీ పొడిచింది. ధార ఆగాక హిల్డింగ్ బకెట్టు లోపల గీతల్ని వేలితో తడిమి చూశాడు. తొమ్మిది లీటర్ల పైన. వాకిట్లో మిగిలిపోయిన డబ్బాకి దాదాపు సరి.

వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పగా ఉంది. సముద్రం.

"పద, నీది," అన్నాడు యార్ల్‌తో. "తర్వాత ఆర్తోది."

"ఆర్తో నగరానికి పోయాడు కదా. వాడి పడవకి తాళం. నువ్వు ఫోను చెయ్యక్కర్లేదు, నేను చేసి చెబుతాలే, చలి ఎక్కువ కాబట్టి కుళాయి కూడా తిప్పి చూస్తున్నాం, తాళంచెవి ఎక్కడుందో చెప్పమని. అంతకన్నా ఎందుకు?" అన్నాడు యార్ల్. మంచి మనసుతోనే అన్నాడు.

హిల్డింగ్ జేబులోంచి ఫోను తీశాడు. కళ్లజోడు లేక అంకెలు కనపడక దాన్ని చేతులు చాచినంత దూరం పట్టుకున్నాడు. "ఆర్తో నంబరు నొక్కిపెట్టు," అని యార్ల్‌కి ఇచ్చి, మళ్లీ లాక్కున్నాడు.

"ఆర్తో గారూ, హిల్డింగ్‌ని. మీ ఇంజనులో నీళ్లున్నాయి... కాదు, మీరు సరిగ్గానే చేశారు. నేను చేసినట్టే చేశారు. నేను తప్పు చేశాను... అవును, నేనే. ఇంజను చల్లగా ఉంది. చెయ్యి పెట్టి చూడలేదు... ఏమిటీ? ... వింటున్నాను. ఆ కాగితం రాసింది కూడా నేనే, అవునండీ. తాళంచెవి ఎక్కడ?"

అవతలి నుంచి ఆర్తో చాలాసేపు ఏదో చెప్పాడు. హిల్డింగ్ చెవి దగ్గర ఫోను పట్టుకుని, పళ్లు బిగించి, దిమ్మె మీద తుప్పు గీకుతూ నిలబడ్డాడు.

"ఏమన్నాడు?" అంది గుర్లీ.

"మెట్ల కింద పూలకుండీలో ఉందట."

"అంతసేపూ అదేనా?"

"కృతజ్ఞతలు చెప్పాడు," అన్నాడు హిల్డింగ్, బూతు తిట్టినట్టు. "ఇంత మంచి రేవు ఎక్కడా చూడలేదట. నాలుగుసార్లు చెప్పాడు."

యార్ల్ ఇంజనులో కుళాయి తేలిగ్గానే తిరిగింది, ఊచ రెండు పొడుపులకే నీళ్లు వదిలింది. ఆర్తో పడవలో మాత్రం అయిదు దాటింది. గుర్లీ మూడోసారి పొట్టమీద పడుకునేటప్పటికి తడిసిన చొక్కా చెయ్యి అట్టలా గట్టిపడింది. బకెట్టు అడుగున పలచగా, పాలమీగడలా మంచు పొర అప్పుడే తేలుతోంది. హిల్డింగ్ దాన్ని వేలితో పగలగొట్టి చూశాడు.

మూడు పడవలూ అయ్యాక షెడ్డు దగ్గరికి పోయాడు. పెన్సిల్ కోసం జేబులన్నీ వెతికాడు. నాలుగో వరుస కొట్టేసి, దాని పక్కన ఖాళీలో వంకరటింకరగా రాశాడు: "కుళాయి ఏటా తిప్పు. నీళ్లు రాకపోతే పొడువు." కాసేపు చూసి, మొదటి వరుస కింద ఇంకొకటి ఇరికించాడు: "హిల్డింగ్ చేస్తున్నా సరే, చెయ్యి పెట్టి చూడు."

"అక్షరాలు కాస్త తిన్నగా రాయొచ్చుగా," అంది గుర్లీ చేతులు చంకల్లో పెట్టుకుని వణుకుతూ. "ఆరు తరగతులు చదివావు."

"కళ్లజోడు పడవలో ఉంది," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, ఎయ్దర్ మీద పట్టా విప్పే ఉంది. ముప్ఫై మూడు ముడులు తెగిన తాడుతో మళ్లీ వెయ్యాలి.